ఇంజనుకూ కొలతల చీటీ కావాలి

జూన్ దగ్గర పడితే మా కుట్టు దుకాణానికి తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. టేపు పట్టి భుజం, ఛాతీ, నడుము, పొడవు చీటీ మీద రాసుకుంటాను. దాదాపు ప్రతి తల్లీ వెళ్లబోతూ ఒక మాట అంటుంది. "లోపల కాస్త బట్ట వదలండి అక్కా, వచ్చే ఏడాదికి విప్పుకుంటాం." వదులుతాను. పక్క కుట్టులో అర అంగుళం, లాగూ అంచులో రెండంగుళాల మడత. పిల్లాడు ఎదుగుతాడని తెలిసి కుట్టాలి కదా. ఇంజను తయారుచేసేవాళ్లూ లోపల అలాగే వదులుతారని నాకు నిరుడు వేసవిలో తెలిసింది.

అప్పటినుంచీ ఒక విషయం నలుగురికీ చెప్పాలని ఉంది. పాత ఇంజనుకు మళ్లీ ఆయుష్షు పోయాలంటే ముందు దాన్ని కొలవాలి. కొలిచినదాన్ని కాగితం మీద పెట్టాలి. ఆ కాగితం బండి యజమాని చేతికి రావాలి. వేలకు వేలు పోసి చేయిస్తున్న ఇంజను పనుల్లో ఈ మూడూ జరగడం నేను చూసినంతలో చాలా అరుదు.

మాది రాజమహేంద్రవరం. మా బండి 2003లో కొన్న మారుతీ ఓమ్నీ. 1984లో మారుతీ వ్యాన్‌గా వచ్చి, తర్వాత ఓమ్నీగా పేరు మారి, 2019లో తయారీ ఆగిపోయిన బండి ఇది. ముందు సీట్ల కింద మూడు సిలిండర్ల 796 సీసీ పెట్రోలు ఇంజను ఉంటుంది. తాడితోట హోల్‌సేల్ మార్కెట్ నుంచి తాన్లు తెచ్చుకోవడం, కుట్టిన యూనిఫాంల మూటలు కోరుకొండ, గోకవరం, రంపచోడవరం వైపు స్కూళ్లకు చేర్చడం దాని పని. నేనే నడుపుతాను. మా అమ్మాయి చదువు, ఇంటి మీద రెండో గది, అన్నీ ఆ బండి మోసిన మూటల్లోంచే వచ్చాయి.

కొన్నేళ్ల కిందట అది ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వీధంతా నీలం పొగ. ఎదురింట్లో పసిపాప ఉండేది. వాళ్లు కిటికీ మూసుకుంటుంటే నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు. గోకవరం దాటాక ఎత్తు తగిలితే, మూడో గేరులో లాగాల్సిన బండి రెండులోకి దించినా ఆయాసపడేది. ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. "రింగులేస్తే సరిపోద్ది" అన్నారు. రింగులు, హెడ్ గాస్కెట్ మార్చి పంతొమ్మిది వేలు తీసుకున్నారు. ఎనిమిది నెలలు బాగుంది. తర్వాత పొగ మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకాస్త ఎక్కువగా.

ఎందుకలా అయిందో నిరుడు రెండో మేస్త్రి దగ్గర అర్థమైంది. ఆయన స్పానర్ పట్టే ముందు గేజీ పట్టాడు. ఒక్కో ప్లగ్గు విప్పి, ఆ కంతలో కంప్రెషన్ గేజీ పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. మొదటి సిలిండరు 120 పీఎస్ఐ, రెండోది 95, మూడోది 110 చూపించాయి. ఆరోగ్యంగా ఉన్న ఈ ఇంజను 170 దరిదాపుల్లో చూపించాలట. తర్వాత రెండో సిలిండరులో ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. ముల్లు 140కి ఎక్కింది. ఆయిల్ పోస్తే పెరిగిందంటే లీకు రింగుల దగ్గర, బోరు దగ్గర ఉందని అర్థం. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. ఇంజను దించకుండానే, పది నిమిషాల్లో, ఒక చెంచాడు ఆయిల్‌తో అంత సంగతి తెలిసింది. మొదటి షెడ్డులో ఈ పని ఎవరూ చెయ్యలేదు. చెయ్యమని అడగాలని నాకూ తెలియదు.

"బోరుకొచ్చేసిందండి అక్కా," అన్నాడు మేస్త్రి. "రింగులేసి పంపమంటే ఇవాళే పంపుతాను. ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తారు. చేస్తే కొలిచి చేద్దాం. లేదంటే వదిలేద్దాం."

"కొలిచే చెయ్యి తమ్ముడూ. నేను టేపు పట్టకుండా ఏనాడూ కత్తెర వెయ్యలేదు," అన్నాను.

హెడ్డు ఊడదీశాక బోర్ గేజీతో ఒక్కో సిలిండరును పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలిచాడు. ప్రతి చోటా రెండు దిక్కుల్లో, అంటే క్రాంకుకు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. మూడు సిలిండర్లకు పద్దెనిమిది అంకెలు. ఆయన చెబుతుంటే నా కొలతల పుస్తకంలోనే రాశాను. కొత్తలో ఈ బోరు 68.50 మిల్లీమీటర్లు. మాది కింద 68.53 ఉంది, పైన అడ్డంగా కొలిస్తే 68.68 వచ్చింది. పిస్టన్ దిగేటప్పుడు కనెక్టింగ్ రాడ్ వాలి ఉంటుంది కాబట్టి అది ఒక గోడకే ఒత్తుకుంటూ దిగుతుంది. పేలుడు వేడీ ఒత్తిడీ ఎక్కువగా ఉండి, ఆయిల్ తక్కువగా అందేది పైభాగంలోనే. అందుకే పైన ఎక్కువ అరుగుతుంది, అదీ ఒక పక్కే ఎక్కువ. గుండ్రంగా ఉండాల్సిన బోరు కోడిగుడ్డు వాటంగా తయారవుతుంది. అలాంటి బోరులో కొత్త రింగు వేస్తే అది గుండ్రంగానే ఉంటుంది, గోడ గుండ్రంగా ఉండదు. మధ్య సందులోంచి పొగ కిందికి, ఆయిల్ పైకి దారి చేసుకుంటాయి. నా పంతొమ్మిది వేలు పోయింది ఆ సందులోనే.

మరి దీనికి మందేమిటంటే, లోపల వదిలిన బట్ట విప్పడమే. ఈ ఇంజనుకు 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు దొరుకుతాయి. బోరును ఆ మేరకు పెద్దది చేసి, మళ్లీ గుండ్రంగా తీసి, పెద్ద పిస్టన్ వెయ్యాలి. అరుగు 0.18 కదా, 0.25 చాలదా అని అడిగాను. చాలదన్నాడు. అరుగంతా ఒక పక్కే ఉంటే, బోరు నడిమధ్య గీత తప్పకుండా కోయడానికి రెండో పక్క కూడా అంతే తియ్యాలి. అంటే రెండింతలు, 0.36. కాబట్టి 0.50కే వెళ్లాలి, బోరు 69.00 అవుతుంది. అది చివరి మడత. దాని తర్వాత స్లీవ్ దించడమే దారి, మా భాషలో అతుకు వెయ్యడం. ఈ సంగతి విన్నాక నాకు కొంచెం భయమేసింది. ఉన్న ఒక్క మడతను నిర్లక్ష్యంగా విప్పకూడదు.

హోనింగ్ మిషన్ బాగున్న చోటే చేయిద్దామని మేస్త్రి విజయవాడ ఆటోనగర్‌లో తనకు తెలిసిన లేత్ షాపుకు బ్లాకు పంపాడు. నేనూ వెళ్లాను. ఎవరి కొలత వారు దగ్గరుండి చూసుకోవాలని నా నమ్మకం. అక్కడ ఓ పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, కొత్త పిస్టన్లు మూడూ బల్ల మీద పెట్టి మైక్రోమీటరుతో కొలిచాడు. ఒకే డబ్బాలో వచ్చినవే అయినా మూడింటికీ వెంట్రుకవాసి తేడాలున్నాయి. ఏ పిస్టన్ ఏ సిలిండరుదో నంబరు వేసి, ఆ పిస్టన్ కొలతకు ఆ బోరు తీశాడు. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండాల్సిన సందు సుమారుగా మిల్లీమీటరులో నూటికి మూడు నాలుగు వంతులు. అంతకన్నా బిగువైతే వేడెక్కి పట్టేస్తుంది, వదులైతే చప్పుడు చేస్తూ అరుగుతుంది. పదిమందికీ ఒకే సైజు చొక్కా కుట్టేస్తే సరిపోదని నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

బోరు తీశాక హోనింగ్. గోడ అద్దంలా మెరవాలని నేననుకున్నాను. పెద్దాయన టార్చి వేసి చూపించాడు. గోడ నిండా ఒకదాన్నొకటి దాటుకుంటూ సన్నటి గీతలు, వలలా. "ఆ గీతల్లోనే అమ్మా ఆయిల్ నిలబడేది. అద్దంలా చేస్తే రింగు కూర్చోదు," అన్నాడు. అక్కడితో పని అయిపోలేదు. హోనింగ్ రాయి వదిలిన పొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలుతో, కిరోసిన్‌తో తుడిస్తే అది పూర్తిగా రాదు. వేడినీళ్లూ సబ్బూ పెట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయాలి. రాజమండ్రి తిరిగొచ్చాక ఆ పని మేస్త్రి, నేను కలిసి చేశాం. యూనిఫాం చొక్కాల్లో మిగిలిన తెల్ల పాప్లిన్ ముక్కలు సంచెడు తీసుకెళ్లాను. మొదటి ముక్క బోరులో తిప్పితే బూడిద రంగులో వచ్చింది. తొమ్మిదో ముక్క తెల్లగా వచ్చింది. ఆ పొడి లోపలే ఉండిపోతే కొత్త రింగుల్ని అదే అరగదీసేది.

క్రాంకు దగ్గర నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. బేరింగ్ సందు చూడటానికి మైనపు దారం లాంటి ముక్క ఒకటి క్రాంకు మీద పెట్టి, క్యాపు బిగించి, మళ్లీ విప్పుతారు. నలిగిన దారం ఎంత వెడల్పయిందో దాంతో వచ్చిన స్కేలు మీద పెట్టి చూస్తే సందు తెలుస్తుంది. దారంతో ఇనుమును కొలవవచ్చని యాభై రెండేళ్ల వయసులో నేర్చుకున్నాను.

ఇక పికప్ సంగతి. ఇంజను దించారని తెలిసి తెలిసినవాళ్లు సలహాలిచ్చారు. హెడ్డు బాగా చెక్కించమన్నారు, కంప్రెషన్ పెరిగి బండి దూకుతుందట. సైలెన్సరు మార్చమన్నారు. మా హెడ్డు అల్యూమినియంది, వేడికి పదో వంతు మిల్లీమీటరు వంగి ఉంది. ఆ వంకర తీరేంత వరకే చెక్కి పెద్దాయన ఆపేశాడు. ఇంకా చెక్కితే కంప్రెషన్ హద్దు దాటి ఇంజను నాకింగ్ చేస్తుంది. హెడ్డు కిందికి దిగినకొద్దీ టైమింగ్ బెల్టు లెక్క కూడా తప్పుతుంది. బోరు పెంచడం వల్ల 796 సీసీ ఇంజను 808 అయింది. ఆ పన్నెండు సీసీల వల్ల ఒరిగేదేమీ లేదు. మా బండికి తిరిగొచ్చిన బలమంతా సందులు మూసుకోవడం వల్ల వచ్చింది. రింగులు గోడకు ఆనాయి, వాల్వులు సీట్లలో సరిగా కూర్చున్నాయి, మూడు సిలిండర్లూ సమానంగా లాగుతున్నాయి. పాత బండికి పికప్ కావాలనుకునేవాళ్లు కొత్త హంగులకన్నా ముందు కంపెనీ ఇచ్చిన పాత కొలతకు చేరితే చాలు.

అసలు అంత అరుగు ఎందుకొచ్చిందని అడిగితేనే మన్నిక సంగతి తేలుతుంది. వెతికితే మూడు కారణాలు దొరికాయి. ఎయిర్ ఫిల్టరు దాటాక ఉండే రబ్బరు గొట్టం అడుగున చిరిగి ఉంది. ఏజెన్సీ దారి దుమ్మంతా వడకట్టకుండానే ఇంజనులోకి పోయింది. రెండోది, థర్మోస్టాట్ వాల్వు లేదు. మనది వేడి ప్రాంతం కదా, ఎందుకని ఎవరో ఎప్పుడో తీసేశారు. అది లేకపోతే ఇంజను తగిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆ పెట్రోలు గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, అరుగు పెరుగుతుంది. మూడోది, కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరునీళ్లే పోశాం. హెడ్డులో నీటి దారులు తినేసి ఉన్నాయి. ఈ మూడో తప్పు పూర్తిగా నాదే. ఈ మూడూ సరిచెయ్యకుండా ఎంత మంచి పిస్టన్లు వేసినా రెండు మూడేళ్లకు ఇదే కథ. పెట్రోలు గొట్టాలు కూడా అప్పుడే మార్పించాను. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు. పాత బండ్లలోని రబ్బరును అది త్వరగా చెడగొడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు అడిగి వేయించుకోవాలి.

మొత్తం ఖర్చు 41,300 రూపాయలు. బిగింపంతా టార్క్ రెంచితో, హెడ్డు బోల్టులు మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు, విడతలుగా. మొదటి వెయ్యి కిలోమీటర్లు పూర్తి బరువు వెయ్యలేదు, ఒకే వేగంతో నడపలేదు. ఐదొందల కిలోమీటర్ల దగ్గర ఒకసారి ఆయిల్ మార్చాం. వెయ్యి అయ్యాక గేజీ మళ్లీ పెట్టాం. 168, 170, 168. లీటరుకు పది కిలోమీటర్లకు పడిపోయిన మైలేజీ పదిహేనుకు వచ్చింది. గోకవరం దాటాక ఆ ఎత్తు ఇప్పుడు పది మూటలతో మూడో గేరులోనే ఎక్కుతోంది. ఎదురింటి కిటికీ పొద్దున్నే తెరిచే ఉంటోంది.

ఇంత చెప్పింది పాత బండ్లన్నిటినీ కాపాడాలని కాదు. పొగ కక్కే బండి రోడ్డు మీద ఉండకూడదు. నేల రేకు తుప్పు తినేసిన వ్యాన్‌కు ఇంజను పని చేయించడం డబ్బు దండగ, ప్రమాదం కూడా. మా బండి అడుగుభాగం ముందు చూసి, గట్టిగా ఉందని తేలాకే ఇంజను జోలికి వెళ్లాం. కొత్త బండ్లలో ఉండే రక్షణ దీనిలో లేదని నాకు తెలుసు, నా వేగం దానికి తగ్గట్టే ఉంటుంది. 2021లో వచ్చిన తుక్కు విధానం కూడా బండి సామర్థ్య పరీక్షనే ప్రధానంగా పెట్టుకుంది. ఆ మాట నాకు నచ్చింది. బండి ఉండాలా, పోవాలా అన్నది దాని పరిస్థితి తేల్చాలి.

మరి ఆ పరిస్థితిని ఎవరు చూస్తున్నారు? సొంత బండికి పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. కారుకు ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి ఆరు వందల నుంచి ఐదు వేలకు పెరిగింది. 2023లో నేనూ కట్టాను. వయసును బట్టి వసూలు చేస్తున్నప్పుడు, ఆ వయసులో ఇంజను లోపల ఎలా ఉందో చూసుకున్న యజమానికి కాస్త వెసులుబాటు ఇవ్వడం న్యాయం. కొలతల చీటీ, కంప్రెషన్ అంకెలు, పొల్యూషన్ సర్టిఫికెట్ మూడూ కలిపి చూపిస్తే రెన్యువల్ రుసుములో కొంత తగ్గించవచ్చు. అప్పుడు చీటీ అడిగేవాళ్లు పెరుగుతారు, ఇచ్చేవాళ్లూ పెరుగుతారు.

ప్రతి ఆటోనగర్‌లో అందరూ వాడుకునే కొలతల గది ఒకటి ఉండాలి. మంచి బోర్ గేజీ, మైక్రోమీటర్లు, టార్క్ రెంచి, వాటి కచ్చితత్వాన్ని ఏటా పరీక్షించే ఏర్పాటు. ఇవన్నీ కొనుక్కోవడం ఒంటరిగా షెడ్డు నడుపుకునే మేస్త్రికి భారమే, పదిమందికి కలిపి అయితే కాదు. ఐటీఐలో మోటారు మెకానిక్ చదివే పిల్లల్ని ఆ గదికి పంపాలి. విజయవాడ పెద్దాయన పక్కన నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ కనిపించలేదు. ఆయన చేతిలో ఉన్నది ఆయనతో పోతే, బ్లాకులో ఎంత ఇనుము మిగిలి ఉన్నా దాన్ని కొలిచి తియ్యగలిగేవాళ్లు ఉండరు.

అన్నిటికన్నా ముందు మారాల్సింది నాలాంటి యజమానులం. బండి ఇచ్చిన రోజే "రేపు పొద్దున్నకి కావాలి, తక్కువలో చెయ్యి" అంటాం. మేస్త్రి కొలుస్తూ కూర్చుంటే పని చెయ్యట్లేదనుకుంటాం. మా బండి కొలతలకు ఒకటిన్నర రోజు పట్టింది, దానికి మేస్త్రి అడిగింది పన్నెండు వందలు. మొత్తం బిల్లులో అదే చిన్న అంకె, మిగతా నలభై వేలనూ కాపాడింది అదే. కొలిచే శ్రమకు విడిగా డబ్బివ్వడం మనం నేర్చుకోవాలి. దర్జీకి కత్తిరింపు కూలీ ఇస్తున్నట్టే.

పని అయిపోయాక మేస్త్రికి ఏదైనా ఇవ్వాలనిపించింది. నా కొలతల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సుకే వెళ్లి, వంద కాగితాలుండే పుస్తకాలు రెండు వేయించాను. పైన బండి నంబరు, తేదీ. కింద సిలిండరుకు ఆరేసి గడులు, పిస్టన్ సైజు, రింగు గ్యాపు, బేరింగు సందు, హెడ్డు వంకర, పనికి ముందూ తర్వాతా కంప్రెషన్. కార్బన్ కాపీ మేస్త్రి దగ్గర, అసలు చీటీ యజమానికి. మొన్న ఆయిల్ మార్పిడికి వెళ్తే ఆయన ముప్పై ఏడో కాగితం రాస్తున్నాడు. పక్కన ఒక ట్రాలీ ఆటో డ్రైవరు నిలబడి, ఏ గడిలో ఏ అంకె వేస్తున్నారో వంగి చూస్తూ, రెండో సిలిండరు ఎందుకు ఎక్కువ అరిగిందని అడుగుతున్నాడు.